నూటికి తొంభై రెండు మార్కుల ఇసుక

ఆ రోజుల్లో మా ఇంటిల్లిపాదీ కలిసి ఊరు దాటాలంటే చుట్టాల్లో ఎవరికైనా పెళ్ళి కావాలి, లేకపోతే ఎవరైనా పోవాలి. ఈ రెండూ కాకుండా ఊరికే సరదాకి గడప దాటిన చరిత్ర మా వంశంలో లేదు. ఆ రోజులంటే మరీ తాతలనాటివి కావు. అందరి చేతుల్లోకీ టచ్ ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్నాయి, వాటిలో పక్కింటివాళ్ళ అరకు ఫొటోలు చూసి కడుపు మండించుకోవడం కూడా అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాం. మాది కోటబొమ్మాళికి కాస్త ఎడంగా ఉన్న వరి పండించే ఊరు. సముద్రం మరీ దూరం కాదు, ఆటోలో గంట. అయినా మాకు సముద్రమంటే ఏడాదికో పర్వదినాన ట్రాక్టరు నిండా ఎక్కి వెళ్ళి, మూడు మునకలు వేసి, తడి చీరలు పిండుకుని, ఎండ ముదరకముందే మళ్ళీ ట్రాక్టరెక్కడం. అంతే. మా అమ్మకి మాత్రం అది చాలేది కాదు. వానాకాలం గాలి తిరిగినప్పుడు పెరట్లో నిలబడి, "సముద్రం హోరు వినపడతన్నాది, మీకు లేదేటి?" అనేది. మాకెవరికీ ఏమీ వినపడేది కాదు, ఆవిడ కోసం వినపడుతోందనేవాళ్ళం. ఒక రాత్రి దాని పక్కన పడుకుని, దాని పక్కనే తెల్లవారి లేవాలని ఆవిడ కోరిక. పెళ్ళైన దగ్గర్నుంచీ అడుగుతోంది. పెళ్ళైన దగ్గర్నుంచీ నాన్న ఒకటే మాట చెబుతున్నాడు: "పొలం ఒగ్గీసి ఏటెల్తాం."

నాకు ఇరవై రెండేళ్ళు నిండాయి, టెక్కలిలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ చెప్పే ఉద్యోగం వచ్చింది. (ఆరో తరగతికి భూగోళం చెప్పినంత మాత్రాన భూగోళమంతా మన చేతిలో ఉన్నట్టు అనిపించే వయసది.) ఆ వేసవిలో ఒక సాయంత్రం అన్నాల దగ్గర ప్రకటించాను, ఈ ఏడు మనం సముద్రం ఒడ్డున మకాం వేస్తున్నాం, ఏర్పాట్లన్నీ నావి అని. నాన్న ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలాడు. పొలానికి పెంట తోలాలన్నాడు. పెంట ఎక్కడికీ పారిపోదన్నాను. వంటింట్లో అమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆ చప్పుడు ఆగడం నాన్నకీ వినపడినట్టుంది.

"సరే, ఎల్దాం. ఓ రాత్రి ఉండి వచ్చేద్దాం," అన్నాడు. "కానీ ఓ మాట. మేస్టరమ్మవి గదా, జాగా నువ్వే సూడాల. ఏటైనా తేడా వచ్చిందా, ఇంక ఈ ఇంట్లో ఊరెల్లే మాట ఎత్తకూడదు. నువ్వూ ఎత్తకూడదు, మీ అమ్మా ఎత్తకూడదు."

నాన్న మాటంటే మాటే. ఒకసారి సైకిలు మీంచి పడ్డాడని ఇరవై ఏళ్ళు సైకిలెక్కని మనిషి. కాబట్టి ఆ రాత్రి పడుకునేసరికి నాకు అర్థమైంది, అమ్మ కోరిక మొత్తం నా నెత్తిమీద ఉందని. భయం వేయలేదు. భయం వేయాల్సిన వయసు ఇంకా రాలేదు.

మర్నాడే బడి నుంచి తెచ్చిన చార్టు కాగితం పరిచి, స్కేలుతో గీతలు కొట్టి పట్టిక తయారు చేశాను. మంచినీళ్ళకి పది మార్కులు, నీడకి పది, నేల చదునుకి ఇరవై, నీటికి దగ్గరగా ఉన్నందుకు ఇరవై, ఫోను సిగ్నలుకి అయిదు, ఇలా నూటికి. మా అత్త కొడుకు, బావ, కోటబొమ్మాళి స్టేషను దగ్గర ఆటో నడిపేవాడు. వాడి బండి మీద చార్టు చుట్టి పట్టుకుని జాగాల తనిఖీకి బయల్దేరాను. నౌపడ ఉప్పు మడులు దాటేసరికే వాడికి విసుగొచ్చింది. "ఇసకలో ఏటి సూస్తావే? ఇసకే ఉంటాది," అన్నాడు. వాడికి శాస్త్రీయ దృష్టి లేదని సరిపెట్టుకున్నాను.

మొదట చూసిన చోట పిక్నిక్ జనం ఎక్కువ, నలభై అయిదు. రెండోది ఏరు సముద్రంలో కలిసే చోటు. అక్కడ అమ్మ కాలు జారితే ఎలా అనిపించి యాభై దగ్గర ఆపాను. మూడోది భావనపాడు వైపున్న ఒక మత్స్యకారుల పేట. అది నేను వెతికి పట్టుకున్నది కాదు, మా ఊరికి వారానికి రెండుసార్లు గంప నెత్తిన పెట్టుకుని చేపలమ్మడానికి వచ్చే గంప మామ్మది ఆ పేట. (అసలు పేరు మాకెవరికీ తెలియదు. అమ్మకీ ఆవిడకీ పదిహేనేళ్ళ స్నేహం. చేపల బేరం రెండు నిమిషాలు, ఆ తర్వాత అరుగు మీద కబుర్లు గంట.) నన్ను చూడగానే మామ్మ చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళి, పేట వెనకున్న సరుగుడు తోట చూపించింది. "ఇక్కడ దిగండి పాపా. బోరింగున్నాది, నీడున్నాది. రేతిరి ఆడోల్లకి అవసరమైతే మా ఇల్లు ఇదిగో, పక్కనే," అంది. నేను చుట్టూ చూశాను. తోట అంచున తాళ్ళ మీద చేపలు ఎండేశారు. ఆ వాసనకి ముక్కు మూసుకుని ఇరవై మార్కులు కోసేశాను. సముద్రం కనపడక మరో ఇరవై, నేల ఎగుడుదిగుడనీ సిగ్నలు లేదనీ ఇంకో ఇరవై రెండు. మిగిలింది ముప్పై ఎనిమిది. మా బడిలో అది ఫెయిలు.

అక్కణ్ణుంచి ఇసుక దిబ్బ ఎక్కి అవతలికి చూస్తే నేను కోరుకున్నదే కళ్ళ ముందుంది. చాప పరిచినట్టు నున్నగా, చదునుగా, గవ్వ కూడా లేకుండా విశాలమైన జాగా. ఎదురుగా నీళ్ళు. మధ్యాహ్నం మూడు గంటలు, పురుగు లేదు. పైగా ఎవరో పుణ్యాత్ములు ఇసుకలో లోతుగా రెండు గుంజలు పాతి పెట్టారు, గుడారం తాళ్ళు కట్టుకోవడానికే అన్నట్టు. "ఇంత మంచి జాగా ఖాళీగా ఎందుకున్నాదంటావు?" అన్నాడు బావ. ఆ ప్రశ్న అడిగినవాడు ఆటో తోలేవాడు, జవాబు చెప్పాల్సింది సోషల్ టీచరు. నేను తడుముకోలేదు. వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి రెండు నెలలు వేట నిషేధమనీ, పేపర్లో వచ్చిందనీ, అందుకే ఒడ్డంతా ఖాళీ అనీ పాఠం చెప్పాను. నీడకి గుడారం, మంచినీళ్ళకి పేట బోరింగు ఉన్నాయి కదా అని నూటికి తొంభై రెండు వేశాను. ఎనిమిది ఎందుకు తగ్గించానంటే, నూటికి నూరు ఎవరికీ వేయకూడదని మా హెడ్మాస్టరు ఆజ్ఞ.

బయల్దేరిన రోజు ఆటోలో మాతోపాటు ఎర్రంచు పసుపుపచ్చ షామియానా ఒకటి, వెదురు గెడలు, ఖాళీ ధాన్యం గోనెలు ఎక్కాయి. షామియానా బావ స్నేహితుడి టెంట్ హౌస్‌ది. గోనెల్లో ఇసుక నింపి గెడల మొదట్లో పెడితే గాలికి కదలదని నాన్న ఆలోచన. అమ్మ ఒక పెద్ద ఖాళీ తపేలా, చింతపండు, ఉప్పు, కారం మూటగట్టి తెచ్చింది. వంట చేయకూడదనే కదా పులిహోర, చపాతీలు కట్టించాను, ఇవెందుకమ్మా అని కసిరాను. "ఉండనీ," అంది.

జాగా చూసి నాన్న ఏమంటాడోనని ఆయన వెనకే నడిచాను. ఆయన చెప్పులతో రెండు చాళ్ళు నడిచాడు. మడమతో నేల తొక్కి చూశాడు. వేలు తడిపి గాలి ఎటునుంచి వస్తోందో చూశాడు. వంగి ఒక పిడికెడు ఇసుక తీసి, అరచేతిలో నలిపి, వదిలాడు. కోతలయ్యాక కళ్ళం చేయడానికి జాగా చూసే పద్ధతి అది. నా పుట్టుకలో నాన్న నా పనిని అలా పరీక్షించడం అదే మొదలు.

"కళ్ళంలాగున్నాది," అన్నాడు. "మేస్టరమ్మకి కన్నున్నాది."

నాకు రాష్ట్ర ఉత్తమ ఉపాధ్యాయ అవార్డు ఇచ్చినా అంత సంతోషం కలగదు. అమ్మ మాత్రం రెండు గుంజలకేసీ నీళ్ళకేసీ మార్చి మార్చి చూసి, "ఈ జాగాలోనేనా దిగేది? మామ్మ తోటలో దిగమన్నాది గదా," అంది. నేనూ నాన్నా ఒక్క గొంతుతో ఇక్కడే అన్నాం. (జీవితంలో మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చిన సందర్భం అదొక్కటే. ఫలితం మీరు చూస్తారు.) అమ్మ మూతి బిగించుకుని నవ్వు ఆపుకున్నట్టు కనిపించింది. సముద్రం చూసిన ఆనందమనుకున్నాను. నాన్న గుంజలకి తాళ్ళు కట్టాడు. బండి మీద వరి మోపులకి వేసే ముళ్ళు అవి, వేయడం ఆయనకి వచ్చు, విప్పడం ఎద్దులక్కూడా రాదు. పొద్దుగూకేసరికి ఒడ్డున పెళ్ళి పందిరి లేచింది. పులిహోర తిని, నా ఎంపిక గురించి నేనే నాలుగుసార్లు పొగుడుకుని, హాయిగా పడుకున్నాం.

తెల్లవారుతూ, ఇంకా మసక విడకముందే, షామియానా బయట ఎవరో మర్యాదగా దగ్గారు. నాన్న లేచి తెర పక్కకి తీశాడు. తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఇసుకలో గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక రెండు వరసల్లో మనుషులు, ఆడా మగా, ఓ నలభై మంది దాకా.

"పడుకున్నోల్లని లేపినాను, ఏటనుకోకు బావూ," అన్నాడు పెద్దాయన. "ముహూర్తం ఎన్ని గంటలకి?"

"ఏ ముహూర్తం?" అన్నాడు నాన్న.

"పెళ్ళికే. పందిరేసినారు గదా. మేం వల ఏసేసినాం. పొద్దు పొడిసి ఓ బారెడు పైకొచ్చేసరికి సంచి వచ్చి ఇక్కడే పడతాది, మీ పక్కల మీదే. మీ పెళ్ళయ్యేదాకా ఆగమంటే మేం ఆగుతాం గానీ వల ఆగదు."

అప్పుడు చూశాను. మా షామియానాకి అటొకటి ఇటొకటి, చెయ్యంత లావు తాళ్ళు నీళ్ళలోంచి వచ్చి ఉన్నాయి. నావలో పెద్ద వల తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రంలా పరిచి, రెండు కొసల తాళ్ళూ ఒడ్డున రెండు జట్లు లాగుతూ, దగ్గర దగ్గరగా జరుగుతూ, చివరికి చేపల సంచిని ఒక్కచోటికి తెస్తారు. ఆ ఒక్కచోటు నేను తొంభై రెండు వేసిన చోటు. నా నోరు ఊరుకోలేదు. నిద్రకళ్ళతోనే ముందుకొచ్చి, "ఇది వేట నిషేధ కాలం కదండీ," అన్నాను, ఆరో తరగతిని ఊరుకోబెట్టే గొంతుతో.

వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. "నిసేదం ఇంజను బోట్లకి పాపా. మా సేతులకి ఇంజన్లు లేవు గదా," అన్నాడు.

కాస్త పక్కకి లాక్కోకూడదా అని బావ నసిగాడు. ఆ పక్క మునిగిపోయిన పాత నావ ఉంది, ఈ పక్క రాళ్ళు, ఎటు తిప్పినా వల చిరుగుతుందట. ఈ మేర గవ్వ లేకుండా ఉండడానికి కారణం రోజూ ఎవరో ఒకరు ఏరి, తుడిచి, చదును చేయడమే. ఆ గుంజలు తాళ్ళు చుట్టడానికి. "మీకు కళ్ళం ఎలగో మాకిది అలగ బావూ. తాతల కాడ్నుంచీ మా కూడు ఇక్కడే రాలతాది," అన్నాడు పెద్దాయన.

ఆ మాటకి నాన్న తన కాళ్ళకేసి చూసుకున్నాడు. చెప్పులున్నాయి. మా వైపు కళ్ళంలోకి చెప్పులతో ఎవరూ అడుగు పెట్టరు. పెట్టినవాణ్ణి మా నాన్న జీతగాడైనా, జమీందారైనా తిట్టకుండా వదల్లేదు. ఆయన గబుక్కున చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని, దూరంగా దిబ్బ మీదికి విసిరేశాడు. నాకేసి తిరిగినప్పుడు ఆ మొహంలో కోపం ఉంటుందనుకున్నాను. సిగ్గుంది. "ఒకల్ల కళ్ళంలో పక్కలేసుకుని తొంగున్నామే," అన్నాడు మెల్లిగా. నేను భూమిలోకి దిగిపోదామనుకున్నాను గానీ, ఆ భూమి కూడా వాళ్ళదే.

ఇక ముళ్ళు విప్పే కార్యక్రమం. రాత్రి తేమకి తడిసి తాళ్ళు రాయిలా బిగుసుకున్నాయి. నాన్న గోళ్ళతో, పళ్ళతో ప్రయత్నించాడు. తాళ్ళు కోసేద్దామంటే, కోస్తే టెంట్ హౌస్‌వాడు తనని కోస్తాడని బావ ఒప్పుకోలేదు. తాళ్ళు లాగేవాళ్ళు అడుగడుగునా దగ్గరవుతున్నారు. చివరికి పెద్దాయనే, విప్పితే పొద్దుపోతుంది, గుంజలతో సహా పెకిలించి ఎత్తండి, గుంజలు మళ్ళీ పాతుకోవచ్చన్నాడు. నలుగురు మత్స్యకారులు, నాన్న, బావ, నేను తలా ఒక గెడ పట్టుకుని లేపాం. ఎర్రంచు పసుపుపచ్చ పెళ్ళి పందిరి, కుచ్చులూపుకుంటూ, ఇసుక దిబ్బ ఎక్కి, దిగి, నడుచుకుంటూ పోయింది. కుక్కలు వెంటబడ్డాయి. దాన్ని తీసుకెళ్ళి ఎక్కడ దింపామంటే, సరుగుడు తోట అంచున, బోరింగు పక్కన, ముప్పై ఎనిమిది మార్కులు వచ్చిన చోట.

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ ఏదీ?

దిబ్బ మీదికి పరిగెత్తాను. నాన్న నా వెనకే. ఎడమవైపు తాడు దగ్గర, మోకాలి లోతు నీళ్ళలో, చీర కుచ్చెళ్ళు దోపుకుని, గంప మామ్మకీ ఇంకెవరో కుర్రాడికీ మధ్య మా అమ్మ తాడు లాగుతోంది. మునివేళ్ళతో పట్టుకుని కాదు, నూతిలోంచి నీళ్ళు తోడిన చేతులు కదా, వెనక్కి వాలి, మడమలు ఇసుకలో దిగేసి లాగుతోంది. ఎదురుగా సూర్యుడు లేస్తున్నాడు. అల వచ్చి మీద పడితే ఆవిడ గట్టిగా నవ్వింది. ఆ నవ్వు నేను ఇంట్లో ఎప్పుడూ వినలేదు. ఇరవై రెండేళ్ళు ఒకే కప్పు కింద ఉండి వినలేదని తెలిసేసరికి నా కళ్ళు మండాయి. నాన్న పంచె ఎగ్గట్టుకుని, దిగి, అమ్మ వెనక తాడు పట్టుకున్నాడు. అమ్మ తిరిగి చూసి, "బేగి లాగండి, సూస్తారేటి," అంది. ఆయనకి అలా పని పురమాయించడం కూడా అదే మొదలనుకుంటాను.

సంచి పడింది. తెల్లగా మెరిసే కవళ్ళు, నెత్తళ్ళు, మధ్యలో దారి తప్పిన పీతలు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. జట్టుకి పంపకాలయ్యాక పెద్దాయన మా ముందు కూడా ఒక కుప్ప పోశాడు. మేం చేసిన ఘనకార్యానికి చేపలు కూడానా అని నాన్న రెండడుగులు వెనక్కి వేశాడు. "తాడు పట్టినోడికి వాటా పెట్టాల బావూ. నేదంటే రేపు వల నిండదు," అన్నాడాయన. అమ్మ అప్పటికే తపేలా తెచ్చి కింద పెట్టేసింది.

సరుగుడు నీడలో మూడు రాళ్ళు పెట్టి మామ్మా అమ్మా కవళ్ళ పులుసు పెట్టారు. పొయ్యి ఎంతకీ రాజుకోకపోతే అమ్మ చుట్టూ చూసి, నా చార్టు కాగితం తీసి పుల్లల కింద దోపింది. స్కేలు గీతలూ, తొంభై రెండూ, ముప్పై ఎనిమిదీ అన్నీ ఒకేసారి అంటుకున్నాయి. నేను నాన్న తీర్పు కోసం కూర్చున్నాను. తేడా రావడమంటే ఇంతకంటే రాలేదు కదా. ఆయన రెండుసార్లు పులుసు పోయించుకుని, తపేలా అడుగు దాకా చూసి, చెయ్యి కడుక్కుని అన్నాడు: "కాయితం కాలిపోయినాదని దిగులు పడకు పాపా. వచ్చే ఏటికి ఇంకోటి రాసుకుందువుగాని."

అమ్మ ఇటు తిరగలేదు. గరిటె మాత్రం మరోసారి ఆగింది.

తిరుగుదారిలో, ఉప్పు మడుల దగ్గర, అమ్మ భుజం మీద వాలి, నా తెలివితక్కువతనం వల్ల నీ ఒక్క రాత్రీ పాడైపోయేది కదమ్మా అన్నాను. అమ్మ చీర కొంగులోంచి ఇసుక దులుపుకుంటూ, ముందు కూర్చున్న నాన్నకి వినపడకుండా చెప్పింది.

"అది వల దిగే జాగా అని నాకు తెలీదేటి? పదైదేళ్ళుగా మామ్మ అదే కత సెప్తన్నాది. తాడు పట్టుకోవాలని నాకెంత ఆశో. తోటలో దిగితే తెల్లారి నన్నెవులు లేపుతారు, మీ నాన్న నన్ను పోనిస్తాడేటి? మీరిద్దరూ అక్కడే అన్నారు, నాను ఊరుకున్నాను."

నా పట్టికలో పది గడులున్నాయి. ఫోను సిగ్నలుకి కూడా ఒక గడి ఉంది. అమ్మకేం కావాలన్నదానికి గడి లేదు.

ఆ తర్వాత ప్రతి వేసవీ వెళుతూనే ఉన్నాం, ఎప్పుడూ తోటలోనే దిగుతాం, తెల్లారకముందే చెప్పులు విడిచి తాడు దగ్గరికి పోతాం. జాగా చూడమని మళ్ళీ నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు మా పిల్లలు ఎక్కడికి వెళ్ళాలన్నా ఫోనులో రేటింగు చుక్కలు లెక్కపెట్టి, ఇది నాలుగున్నర, ఇది మూడు అని తీర్పులు చెబుతుంటే, చార్టు చుట్టి చంకలో పెట్టుకుని ఆటో ఎక్కిన ఆ మేస్టరమ్మ గుర్తొచ్చి నవ్వొస్తుంది. పాపం, ఎంత నమ్మకమో దానికి. మొన్న వానల్లో గాలి తిరిగినప్పుడు అమ్మ పెరట్లో నిలబడి, "వినపడతన్నాదా?" అని మామూలుగానే అడిగింది. వినపడుతోందన్నాను. ఈసారి అబద్ధం కాదు.